దూరం పాటించారు, కాకపోతే బయటోళ్ళతోనే

కరోనా టైములో మనోళ్ళు ఒక్క రూలూ పాటించలేదు, అందుకే అలా అయిపోయింది అని ఎవరైనా అంటే నాకు చిరాకేస్తుంది. పాటించారండీ బాబూ. కొన్ని చోట్ల కావల్సినదానికంటే ఎక్కువే పాటించారు. కాకపోతే జీవోల్లో రాసినట్టు కాదు, ఎవరి లెక్క వాళ్ళు వేసుకుని పాటించారు. మాది విజయనగరంలో మందుల కొట్టు. లాక్‌డౌన్‌లో తీసి ఉంచిన కొద్ది షాపుల్లో అదొకటి, కౌంటర్ ఇవతల కూర్చుని ఊరు మొత్తాన్ని చూసినట్టే అయింది నాకు. అందుకే అనిపించింది అనిపించినట్టు రాసేస్తున్నాను, వేరేలా అనిపించినవాళ్ళు కూడా ఉంటారు, సరే.

మొదట్లో అంతా సరదాగానే ఉండేది. 2020 మార్చి 15న అప్పటి ముఖ్యమంత్రి ప్రెస్ మీట్‌లో పారాసిటమాల్, బ్లీచింగ్ పౌడర్ అన్నారు కదా, మర్నాటి నుంచీ మా కౌంటర్ దగ్గర అదే జోకు. "ఏటి గురూ, కరోనా బిళ్ళ ఉందేటి?" అని. వారం తిరక్కుండా 22న జనతా కర్ఫ్యూ. పొద్దుటి నుంచీ రోడ్డు మీద పిట్ట లేదు, సాయంత్రం అయిదింటికి చప్పట్లు కొట్టమంటే మా వీధి వీధంతా పళ్ళాలు, గరిటెలు పట్టుకుని రోడ్డెక్కింది, కొట్టడం అయిపోయాక ఎవరి ఇంటికి వాళ్ళు పోవాలి కదా, పోలేదు, పొద్దున్నుంచీ ఒకళ్ళనొకళ్ళు చూసుకోలేదని అక్కడే గుంపులుగా నిలబడి గంటసేపు కబుర్లు. మర్నాడు కాక ఎల్లుండి, 24వ తారీఖు రాత్రి 8 గంటలకి ప్రధాని టీవీలో కనపడి 21 రోజులు అన్నారు. ఆ తరవాత అరగంటలో మా షాపు ముందు నిలబడ్డ జనాన్ని అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. బీపీ మాత్రలు మూడు నెలలకి సరిపడా ఇచ్చేయమన్నవాళ్ళు, ఎందుకో తెలీకుండానే ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు కొన్నవాళ్ళు కూడా ఉన్నారు.

తరవాత నెల రోజులు మాకు భలే గర్వంగా గడిచింది. రాష్ట్రంలో మిగతా అన్ని జిల్లాల్లో కేసులు, మాకు, శ్రీకాకుళానికి సున్నా. శ్రీకాకుళంలో ఏప్రిల్ ఆఖరి వారంలో వచ్చాయి, మాకైతే మే మొదటి వారం దాకా ఒక్కటీ లేదు, గ్రీన్ జోన్. పొద్దున్నే పేపర్ తెరిచి ఆ సున్నా చూసుకోవడం ఒక పని. ఒక రిటైర్డ్ మేష్టారు రోజూ షుగర్ మాత్రల కోసం వచ్చి అనేవారు, "వెనకబడిన జిల్లా అంటారు గానీ బాబూ, మనకి ఫ్యాక్టరీలూ రావు, ఉద్యోగాలూ రావు, కరోనా మాత్రం ఎందుకొస్తుంది" అని. నవ్వేవాళ్ళం.

ఆ నెలలోనే నాకు సంగతి అర్థం అవడం మొదలైంది. చుట్టుపక్కల పల్లెలన్నీ ఊరి మొగలో తుమ్మకంపలు, వెదురు బొంగులు అడ్డంగా పడేశాయి. ఎవరూ చెప్పలేదు, కలెక్టరు చెప్పలేదు, పోలీసులు చెప్పలేదు, కుర్రాళ్ళే వంతులేసుకుని కాపలా కాశారు. గంట్యాడ వైపు నుంచి వచ్చే ఒకాయన, వాళ్ళ అత్తారి ఊళ్ళోకే తనని రానివ్వలేదని, మామగారు కంప అవతల నిలబడి కూరగాయల సంచి ఇటు విసిరాడని చెప్పాడు. మరి లోపల ఎలా ఉంది అంటే, లోపలేటి బావూ, మామూలే, రావిచెట్టు కింద పేకాట, రామకోవెల అరుగు మీద పదిమంది, ఒకే చుట్ట ఇద్దరు. ముల్లుకంప దాకానే కరోనా, కంప దాటి లోపలికొస్తే అందరూ మనోళ్ళు. మనోడికి ఉండదు. మనోడికి ఎలా ఉంటుంది, చిన్నప్పట్నించీ తెలుసు కదా.

ఇది పల్లెల్లోనే కాదు. టౌనులో మాస్కు కూడా ఇలాగే నడిచింది. పోలీసు కనపడితే ముక్కు మీదకి, నాలాంటి షాపువాడు కనపడితే నోటి మీదకి, చుట్టం కనపడితే గెడ్డం కిందకి. తెలిసిన మనిషి ముందు మాస్కు పెట్టుకుంటే వాడిని అనుమానించినట్టు అవుతుందని మొహమాటం. నన్నే అడిగారు చాలామంది, "ఏటి, మమ్మల్ని చూసి మూసీసుకుంటన్నావు?" అని. మా షాపు పక్క అరుగు మీద కూర్చునే మామ్మ ఒకావిడ ఉంది, అడ్డపొగ తాగుతుంది, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకునేది, మన వైపు ముసలమ్మలకి అలవాటే. ఆవిడకి వాలంటీరు పిల్ల మాస్కు ఇచ్చి వెళ్ళింది. మాస్కు దించి, చుట్ట పెట్టి, మళ్ళీ మాస్కు పైకి లాగి, పక్కనుంచి పొగ వదులుతూ కూర్చునేది. రూలు పాటించడంలో ఆవిడంత నిజాయితీ నేను మరెక్కడా చూడలేదు.

అధికారుల వైపు తప్పులు లేవా అంటే ఉన్నాయి, బోలెడు. కూరగాయలకి, సరుకులకి పొద్దున్న కొద్ది గంటలే టైము ఇచ్చారు. గుంపులు తగ్గించాలని టైము తగ్గించారట. రోజంతా విడివిడిగా వచ్చే జనాన్ని మూడు నాలుగు గంటల్లోకి కుక్కితే గుంపు పెరుగుతుంది గానీ తగ్గుతుందా. ఆ లెక్క మా అమ్మకి కూడా తెలుసు, ఆవిడ టీవీ చూస్తూనే అనేసింది. రైతు బజార్లని గ్రౌండుల్లోకి మార్చడం మాత్రం నిజంగా మంచి పని, ఆరుబయట, గాలి, చోటు. అక్కడ సున్నంతో గళ్ళు గీశారు, గడికొక మనిషి. జనం ఏం చేశారంటే గడిలో ఒకరు చెప్పులు, ఒకరు సంచి, ఒకరు ఇటుకరాయి పెట్టేసి అందరూ వెళ్ళి చెట్టు నీడన గుంపుగా నిలబడ్డారు. చెప్పులు మాత్రం భౌతిక దూరం ఖచ్చితంగా పాటించాయి. నవ్వొస్తుంది కానీ వాళ్ళ తప్పేటి, ఏప్రిల్ ఎండలో గంటసేపు గడిలో నిలబడమంటే ఎవరు నిలబడతారు, గళ్ళు గీసినవాళ్ళు పైన ఒక షామియానా వెయ్యాలి కదా.

మా షాపుకి వచ్చే జనం సంగతి ఇంకా వింత. బయటికి రావడానికి ఒప్పుకునే కారణం మందులు ఒక్కటే, అందుకని డాక్టరు చీటీకి పాస్‌పోర్టు అంత విలువ వచ్చింది. ఎప్పుడో 2017 నాటి చీటీ, మడతల దగ్గర చిరిగిపోయింది, దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఇంట్లో నలుగురూ వంతులవారీగా వాడారు. నెలకి సరిపడా ఇస్తాను పట్టుకెళ్ళండి అంటే వద్దు వద్దు, రెండు రోజులకి చాలు అనేవారు. మళ్ళీ ఎల్లుండి రావాలి కదా! ఎక్కడికో కాదు పాపం, కోట జంక్షన్ దాకా వచ్చి, నాలుగు మొహాలు చూసి, వెళ్ళిపోవడానికి. లాఠీ దెబ్బ తిన్న కుర్రాడు ఒకడు ఆయింట్‌మెంట్ కోసం వచ్చి, ఈసారి నిజంగానే మందులకి వచ్చాను అన్నాడు, నవ్వాలో జాలిపడాలో తెలీలేదు.

వీటన్నిటికంటే నాకు ఎక్కువ చెప్పాలని ఉన్నది జ్వరం బిళ్ళ గురించి. ఏప్రిల్‌లో పైనుంచి ఆర్డరు వచ్చింది, జ్వరం, జలుబు, దగ్గు మందులు కొన్న ప్రతివాళ్ళ పేరు, ఫోన్ నంబరు, ఊరు రాసుకోవాలని. ఉద్దేశం మంచిదే, లక్షణాలు ఉన్నవాళ్ళని ముందే పట్టుకుని టెస్టు చేయొచ్చు. కానీ ఆ రోజు నుంచీ మా ఊళ్ళో జ్వరం అనేదే మాయమైపోయింది. పారాసిటమాల్ అమ్మకం తగ్గలేదు, జ్వరం మాత్రం ఎవరికీ లేదు. అందరికీ మోకాళ్ళ నొప్పులు. తలనొప్పి. పిల్లకి టీకా వేయించాం, ముందు జాగ్రత్తకి. ఊళ్ళో ఉన్న మరిదికి. నన్ను పదేళ్ళుగా ఎరిగినవాళ్ళు కూడా, "రాయకు బావూ, నీకు దణ్ణం పెడతాను" అనేవారు. వాళ్ళిచ్చిన నంబర్లు రాసుకునేవాళ్ళం, వాటిలో ఎన్ని మోగుతాయో ఆ దేవుడికే తెలియాలి. మా వీధి చివర ఉండే ఒకామె దగ్గుని చీర కొంగుతో అదిమిపెట్టి, కళ్ళు ఎర్రబడిపోయి, "పొలమారింది బాబూ" అంది.

ఎందుకు అంత భయం? వైరస్‌కి కాదు, గుర్తు పెట్టుకోండి. పేరు రాస్తే ఏమవుతుందో చూశారు కాబట్టి. అంబులెన్సు సైరనేసుకుని వీధిలోకి వస్తుంది, ఇంటి ముందు బారికేడ్ కట్టేస్తారు, గేటుకి కాగితం అంటిస్తారు, బ్లీచింగ్ జల్లుతారు, ఎవరో వీడియో తీస్తారు, సాయంత్రానికి ఆ ఇంటాయన పేరు, కులం, ఎక్కడ తిరిగాడు అంతా వాట్సాప్‌లో. తగ్గి ఇంటికొచ్చాక కూడా పాలవాడు చెంబులో పాలు పైనుంచి పోస్తాడు. జూన్ నెలాఖర్లో పలాసలో ఒక పెద్దాయన శవాన్ని జేసీబీ మీద పట్టుకెళ్ళిన వీడియో దేశమంతా చూసింది, ఆఫీసర్లని సస్పెండ్ చేశారు, అది వేరే సంగతి, కానీ ఆ వీడియో చూసిన మా కస్టమర్లలో ఒక్కళ్ళు కూడా దాని తరవాత జ్వరం అన్న మాట నోట్లోంచి రానివ్వలేదు.

ఇక్కడ నాకు మా నాయనమ్మ చెప్పినవి గుర్తొస్తాయి. వాళ్ళ కాలంలో ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోసిందంటే గుమ్మానికి వేపమండలు కట్టేవారు. అంతే. మండలు కట్టిన ఇంట్లోకి బయటివాళ్ళు అడుగు పెట్టరు, ఆ ఇంట్లోవాళ్ళు బయటికి రారు, పోపు పెట్టరు, ఒక్కరోజు కూడా ఎవరూ ఆ రూలు తప్పరు, లాఠీ లేదు, 144 సెక్షన్ లేదు, 1897 నాటి అంటువ్యాధుల చట్టం ఒకటి ఉందని కూడా ఎవరికీ తెలీదు. ఆ నాడు అంత బాగా పాటించిన జనమే ఈ నాడు ఎందుకు దాచుకున్నారు? నాకు అనిపించేది ఒకటే. వేపమండ కట్టుకునేది ఆ ఇంటివాళ్ళే. అందులో సిగ్గు లేదు, అమ్మవారు వచ్చింది, గౌరవంగా చూసుకోవాలి, పక్కింటివాళ్ళు గుమ్మం బయట చలివిడి, కొబ్బరికాయ పెట్టి వెళ్తారు. గేటుకి కాగితం అలా కాదు, అది బయటోళ్ళు వచ్చి అంటించేది, నువ్వు నేరం చేశావు అన్నట్టు. 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా ఇళ్ళ ముందు అలా పోస్టర్లు అంటించొద్దని చెప్పింది, సంబంధిత అధికారి ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప. అప్పటికి చేయాల్సిన నష్టం చేసేసింది ఆ కాగితం.

మరీ మనోళ్ళని రాళ్ళు అని రాయలేను. మా జిల్లా నుంచి, శ్రీకాకుళం నుంచి గుజరాత్‌లోని వేరావల్‌కి బోట్ల మీద పనికి వెళ్ళే మత్స్యకారులు వేల మంది అక్కడే ఇరుక్కుపోయారు, ఏప్రిల్ ఆఖర్లో, మే మొదట్లో బస్సుల్లో తీసుకొచ్చారు. వాళ్ళు పడవల్లోనే పడుకుంటున్నారని టీవీలో చూసి అయ్యో అన్నవాళ్ళే, బస్సులు బయల్దేరాయనగానే, "క్వారంటైన్ మా ఊరి బడిలో పెట్టొద్దు" అన్నారు, మా కౌంటర్ దగ్గర నిలబడే అన్నారు. ఇంకోవైపు అదే నెలలో హైవే మీద చెన్నై నుంచి ఒడిశాకి, బెంగాల్‌కి నడిచి పోతున్నవాళ్ళకి భోగాపురం నుంచి ఇచ్ఛాపురం దాకా జనం పులిహోర పొట్లాలు, మజ్జిగ ప్యాకెట్లు, పాత చెప్పులు ఇచ్చారు. కల్వర్టు గోడ మీద పెట్టి నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడేవారు, వాళ్ళు తీసుకున్నాక మళ్ళీ పెట్టేవారు. దయా ఉంది, భయమూ ఉంది, రెండూ ఒకే మనిషిలో. వెళ్ళిపోయేవాడికి పెట్టడం తేలిక, ఉండిపోవడానికి వచ్చేవాడితోనే పేచీ.

తరవాత రూల్స్ మీద ఉన్న ఆ కాస్త గౌరవం ఎప్పుడు పోయిందంటే నేను తారీఖు చెప్పగలను, మే 4. వైన్ షాపులు తెరిచారు. కోవెల మూత, బడి మూత, పెళ్ళికి 50 మంది, చావుకి 20 మంది, బ్రాందీ షాపు ముందు మాత్రం అర కిలోమీటరు లైను, ఎండలో గొడుగులేసుకుని. రెండు రోజుల్లో 75 శాతం రేటు పెంచినా లైను కదల్లేదు. గుంపులు తగ్గుతాయని పెంచామన్నారు. విశాఖ వైపు ఆ లైన్లు సర్దడానికి టీచర్లకి డ్యూటీ వేశారని పేపర్లో వస్తే పైన చెప్పిన మేష్టారు రెండు రోజులు మా షాపుకే రాలేదు. ఆ రోజు తరవాత ఎవరికి మాస్కు పెట్టుకోమని చెప్పినా ఒకటే జవాబు, "అక్కడ చెప్పు ముందు." 2021లో ఎలక్షన్లప్పుడూ అంతే. ఫిబ్రవరిలో పంచాయతీ, మార్చి 10న మా కార్పొరేషన్, ఏప్రిల్ 8న ఎంపీటీసీ, జడ్పీటీసీ. 2020 మార్చిలో ఒక్కో జిల్లాలో వేళ్ళ మీద లెక్కపెట్టే కేసులు కూడా లేనప్పుడు వాయిదా వేసిన ఎన్నికలు, సెకండ్ వేవ్ గుమ్మంలో ఉన్నప్పుడు పెట్టారు. ఇంటింటికీ పదిమంది వచ్చి చేతులు పట్టుకుని ఓటడిగారు. రూలు అక్కర్లేదనుకున్నవాళ్ళకి రూలు ఉండదు అని జనానికి అర్థం అయిపోయింది.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, 2020లో మా ఊరి పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరం అక్టోబరు 27న జరిగింది, ఆంక్షలతో. మామూలుగా ఆ రోజు మూడు లాంతర్ల దగ్గర్నుంచి కోట దాకా ఇసకేస్తే రాలదు, ఆ ఏడు బారికేడ్లు పెట్టి, ఊళ్ళవాళ్ళని రావొద్దని, టీవీలో చూడమని చెప్పారు. అమ్మవారి సంబరానికి రావద్దంటే ఆగడం మాటలు కాదు. కానీ మా వీధి చూస్తే ప్రతి ఇంటి ముందూ బళ్ళు, ముందు రోజు రాత్రే వచ్చేసిన చుట్టాలు, మూసిన తలుపుల వెనక పదిహేనేసి మంది, ఒకే టీవీ ముందు. రోడ్డు ఖాళీ, ఇల్లు నిండు. వైరస్‌కి కావల్సింది అదే కదా. తలుపులేసిన గదిలో దాని గాలి అలాగే ఉండిపోతుంది, ఆరుబయట చెదిరిపోతుంది, ఈ సంగతి ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2021 నాటికి గానీ తేటగా చెప్పలేదు. మనం రెండేళ్ళూ పెద్దచెరువు గట్టు మీద ఒంటరిగా నడిచేవాడిని తరిమాం, అయోధ్యా మైదానంలో క్రికెట్ ఆడే పిల్లల్ని తరిమాం, ఇంట్లోకి వచ్చిన మేనత్తని మాత్రం కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాం.

సెకండ్ వేవ్ గురించి ఇక్కడ రాయను. మే 5 నుంచి మధ్యాహ్నం 12 తరవాత కర్ఫ్యూ అన్నారు, 11కే రోడ్లు ఖాళీ, ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేకపోయింది. నెల్లిమర్ల మిమ్స్ ఆసుపత్రిలో బెడ్డుందా అని అర్ధరాత్రి నాకు ఫోన్లు. అది రాస్తే వేరేగా రాయాలి.

మళ్ళీ ఇలాంటిది వస్తే ఏం చేయాలో మా బావతో చాలాసార్లు వాదించాను. షాపులు రోజంతా తెరవనివ్వాలి, ఆరుబయట తిరిగేవాళ్ళ జోలికి పోకూడదు, జ్వరం వచ్చినవాళ్ళ పేర్లు ఆశా కార్యకర్త దాటి, ఏఎన్ఎం దాటి ఎక్కడికీ పోకూడదు, ఇంట్లో ఉండమన్నవాడికి ఆ పద్నాలుగు రోజుల కూలి ఎవరో ఒకరు ఇవ్వాలి. అప్పట్లో సర్కారు ఇచ్చిన వెయ్యి రూపాయలు, కేజీ కందిపప్పుతో ఇంట్లో కూర్చునేవాడు ఎవడు. మా బావ అంతా విని, "నువ్వన్నీ బానే సెప్తావు, నీ కొట్టు తీసే ఉంది కదా" అంటాడు. అదీ నిజమే. ఆయనది పెళ్ళిళ్ళ కేటరింగు. 2020 వేసవి సీజనంతా పోయింది, తరవాత 50 మంది రూలు వచ్చాక ఒక పెళ్ళివాళ్ళు రూలు తప్పకుండా నాలుగు వందల మందికి పెట్టాలన్నారు, ఎలాగంటే బ్యాచ్‌కి యాభై, ఎనిమిది బ్యాచ్‌లు, ఒక బ్యాచ్ దిగితే గానీ ఇంకో బ్యాచ్ మేడెక్కకూడదు. పొద్దున్న పదింటికి మొదలైన బంతి సాయంత్రం నాలుగింటికి ముగిసింది, గుత్తొంకాయ కూర మూడుసార్లు వండాల్సొచ్చింది, అదనపు కూలి ఎవరూ ఇవ్వలేదు. ఇప్పుడు ఆయన బిల్లు పుస్తకంలో అడుగున ఒక లైను అచ్చేయించాడు, లాక్‌డౌన్ పడినా కర్ఫ్యూ పెట్టినా అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదు అని. అందరూ సంతకం పెట్టేస్తారు. మొన్న మాఘమాసం పెళ్ళికి వచ్చిన ఒక పెద్దాయన మాత్రం కళ్ళజోడు పెట్టుకుని ఆ లైను పైకి చదివి, "శుభమా అని పెళ్ళి మాట్లాడుకుంటంటే ఈ మాటేటయ్యా" అని గొడవ పెట్టుకున్నాడట, అయినా బావ ఆ లైను కొట్టీలేదు, బదులుగా పెరుగు వడ ఫ్రీగా ఇస్తానని ఒప్పుకున్నాడు.